హాల్లో 250 మంది, యూట్యూబ్‌లో మిగతావాళ్లు: మా విరాళాల కార్యక్రమం ప్లాన్‌లో తప్పులు పట్టండి

అరండల్‌పేట_అబ్బాయి
గుంటూరులో చిన్న ట్రస్టు మాది. అమ్మానాన్నలు లేని ఆడపిల్లల హాస్టల్, 42 మంది ఉన్నారు. 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను తగ్గింపు) ఉన్నాయి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేదు. నవంబర్ రెండో శనివారం విరాళాల కార్యక్రమం. హాల్లో 250 సీట్లు, ఊళ్లో లేనివాళ్లకి యూట్యూబ్ లైవ్. లక్ష్యం 12 లక్షలు, అంటే ఏడాది సరుకులు, ఫీజులు.

ప్రస్తుతానికి ప్లాన్ ఇదీ:
6:30 జ్యోతి ప్రజ్వలన, ఆరుగురు అతిథుల ప్రసంగాలు
7:15 సినిమా పాటలకి పిల్లల డాన్సులు, అయిదు
8:00 పెద్ద దాతలకి సన్మానం
8:20 హాస్టల్ మీద పది నిమిషాల వీడియో, చివర్లో స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్
8:30 వంద రూపాయల టికెట్‌తో లక్కీ డిప్, భోజనాలు

రెండు కెమెరాలు, మిక్సింగ్, లైవ్ కలిపి 32 వేలు చెప్పారు. అమెరికాలో అప్పటికి పొద్దున తొమ్మిది, వాళ్లకీ వీలే. ఎక్కడ దెబ్బతింటామో మొహమాటం లేకుండా చెప్పండి.

సున్నా_బ్యాలెన్స్
ఆరుగురు వక్తలు 45 నిమిషాల్లో దిగిపోతారా? "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అనేవాడు ఒక్కడు చాలు, మీ 45 నిమిషాలూ ఆయనవే.

రన్‌షీట్_రాధ
పైన సరదాగా అన్నా అసలు జబ్బు అదే. మీరు డబ్బు అడిగేది 8:20కి. హాల్లో ఉన్నవాళ్లు భోజనం ఉందని కూర్చుంటారు. ఇంట్లో ఫోన్లో చూసేవాడిని పట్టి ఉంచేది ఏముంది? శాలువాలు కప్పడం మొదలయ్యేసరికి వేరే వీడియోకి వెళ్లిపోతాడు. వీడియో, క్యూఆర్ వచ్చేసరికి లైవ్‌లో మిగిలేది మీ వలంటీర్లూ, వాళ్ల ఇంటివాళ్లూ.

మొత్తం 90 నిమిషాలకి కుదించండి. మొదటిసారి అడగడం 20వ నిమిషంలో, రెండోసారి 50లో, చివరిది 75లో. అడిగిన ప్రతిసారీ ఎనిమిది నిమిషాలు దానికే వదిలెయ్యాలి. "విరాళం ఇవ్వండి, ఇప్పుడు తర్వాతి అంశం" అన్నారంటే ఫోన్ తీసినవాడు కూడా జేబులో పెట్టేస్తాడు.

సన్మానాలు లైవ్‌లో అసలు వద్దు. భోజనాల టైముకి పెట్టుకోండి, ఫొటోలు వాట్సాప్‌లో పంపండి. అతిథి ఒక్కరు, అయిదు నిమిషాలు. మిగతా అయిదుగురినీ ముందు వరుసలో కూర్చోబెట్టి పేర్లు చదవండి.

అరండల్‌పేట_అబ్బాయి
అయిదుగురినీ స్టేజి ఎక్కించకపోతే వచ్చే ఏడాది మాకు హాలు కూడా దొరకదండీ.

రన్‌షీట్_రాధ
స్టేజి ఎక్కించండి, మైకు ఇవ్వకండి. అయిదుగురూ కలిసి దీపం వెలిగిస్తారు, ఫొటో, కిందికి. నాలుగు నిమిషాలు.

మైకుసెట్_మామ
దీపం దగ్గర ఫ్యాన్ ఆపమని ఇప్పుడే ఒకడికి చెప్పి పెట్టుకోండి. ఒత్తికి ముందే కర్పూరం ముక్క. లైవ్‌లో మూడు నిమిషాలు అగ్గిపుల్లలు గీయడం చూపించకండి.

అసలు విషయం సౌండు. కెమెరా మైకుతో లైవ్ ఇస్తే బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. మిక్సర్ నుంచి లైవ్‌కి వేరే ఆక్స్ లైను (విడిగా తీసే సౌండు లైను) తీసుకోండి. హాలు స్పీకర్లకి వెళ్లేదే లైవ్‌కీ ఇస్తే సరిపోదు. మృదంగమో డప్పో ఉంటే హాల్లో దాని మోత సహజంగానే వినపడుతుంది కాబట్టి ఆపరేటరు స్పీకర్లలో తగ్గించేస్తాడు, ఇంట్లోవాడికి అసలు వినపడదు. ఆక్స్ అయితే లెవెళ్లు విడిగా పెట్టుకోవచ్చు. చప్పట్ల కోసం హాలు వైపు తిప్పి ఒక మైకు, చాలా తక్కువ లెవెల్లో. అది లేకపోతే ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

మిక్సర్ నుంచి లాప్‌టాప్‌కి లైను కలిపితే "గుయ్..." మంటుంది, ముఖ్యంగా జనరేటర్ మీద. మధ్యలో డీఐ బాక్స్ (లైను మధ్యలో కలిపే చిన్న పెట్టె) పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వెయ్యండి, మోత పోతుంది. అద్దెకి దొరుకుతుంది, ముందే అడగండి.

వైరు_వెంకన్న
మామ సౌండు చూశాడు, నేను నెట్ చూస్తా. 720పీ చాలు, 1080 జోలికి పోకండి. 720పీకి 4 ఎంబీపీఎస్ కావాలి, అప్‌లోడ్ కనీసం 8 నుంచి 10 ఉండాలి. డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోకండి, మీకు కావాల్సింది అప్‌లోడ్. గంటన్నరకి దాదాపు 2.7 జీబీ పోతుంది.

హాల్లో తీగ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే అదే. లేకపోతే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రెండు రౌటర్లు. టెస్టు ఖాళీ హాల్లో మధ్యాహ్నం చేస్తే ఏం తెలియదు. 250 ఫోన్లు ఒక్కచోట చేరి, "ఇప్పుడు కట్టండి" అనగానే అందరూ యూపీఐ తెరిస్తే టవర్ మీద ఒత్తిడి. అదే హాల్లో వేరే పెద్ద ఫంక్షన్ జరిగే సాయంత్రం వెళ్లి కొలవండి.

రౌటరు, లాప్‌టాప్ రెండూ యూపీఎస్ మీద. కరెంటు పోయి జనరేటరు అందుకునే పది సెకన్లలో రౌటర్ రీస్టార్ట్ అయితే రెండు మూడు నిమిషాలు లైవ్ గోవిందా. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో లోకల్ రికార్డింగ్ కూడా ఆన్ చెయ్యండి.

చానెల్ కొత్తదైతే లైవ్ ఎనేబుల్ అవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. శనివారం మధ్యాహ్నం నొక్కి కూర్చోకండి.

ఇంకోటి. పిల్లల కార్యక్రమం కదా అని సెట్టింగుల్లో "పిల్లల కోసం తయారుచేసింది" అని టిక్ పెట్టేస్తారు. పెడితే లైవ్ చాట్ మాయం. కట్టే లింకు పెట్టేదే చాట్‌లో.

పచ్చడి_జాడీ
సినిమా పాటలకి డాన్సులన్నారు, యూట్యూబ్ ఊరుకుంటుందా?

వైరు_వెంకన్న
ఊరుకోదు. కాపీరైట్ పాట పట్టుకుంటే లైవ్ బొమ్మ తీసేసి నిలిచిపోయిన చిత్రం చూపిస్తుంది, పాట ఆపకపోతే లైవే ఆపేస్తుంది. ట్రస్టు అని చెప్పుకోవడానికి అక్కడ మనిషి ఉండడు.

లెడ్జర్_లక్ష్మి
పాటల సంగతి తర్వాత. అసలు ఆ పిల్లలు లైవ్‌లో కనపడకూడదు. ఇన్ని పోస్టుల్లో ఎవరూ అనలేదు.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015, సెక్షన్ 74. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, బడి, చిరునామా, గుర్తుపట్టే వివరం ఏదీ ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "మా హాస్టల్ పాప ఫలానా, పదో తరగతి" అని స్టేజి మీద పేరు చదివి యూట్యూబ్‌లో వదిలితే సరిగ్గా అదే అవుతుంది. చట్టం లేకపోయినా ఆలోచించండి. పదేళ్ల తర్వాత ఆ అమ్మాయి పేరు వెతికితే "అనాథ" అనే వీడియో రావాలా?

అరండల్‌పేట_అబ్బాయి
ఇది నిజంగా తట్టలేదు. మరి లైవ్‌లో చూపించేది ఏముంది?

రన్‌షీట్_రాధ
బోలెడు. పిల్లలు వేసిన బొమ్మలు, వంటగది, సరుకుల గది, చీటీల మీద వాళ్ల రాత. వార్డెన్ మాట, పేర్లు లేకుండా. చదువుకుని బయటికి వెళ్లి ఉద్యోగం చేస్తున్న పెద్దమ్మాయిలు ఎవరైనా ఇష్టపడి మాట్లాడితే నాలుగు నిమిషాలు. ఇష్టపడితేనే. కాస్త నసిగినా వదిలెయ్యండి.

పాటలకి ఊళ్లో సంగీతం టీచరు శిష్యులతో అన్నమయ్య కీర్తనలో, జానపదాలో ప్రత్యక్షంగా పాడించండి. రికార్డు వెయ్యరు కాబట్టి యూట్యూబ్ గొడవ చాలా తగ్గుతుంది.

పది నిమిషాల వీడియో మూడున్నర చెయ్యండి. దాన్ని ప్రొజెక్టర్ మీద వేసి ఆ తెరని కెమెరాతో తీయకండి, మిణుకుమిణుకుమంటుంది. ఫైలు నేరుగా ఓబీఎస్‌లోంచి లైవ్‌కీ ప్రొజెక్టర్‌కీ వెళ్లాలి.

లెడ్జర్_లక్ష్మి
ఇక డబ్బు. ఆరు ముక్కలు.

లక్కీ డిప్ తీసెయ్యండి. డబ్బు తీసుకుని టికెట్ ఇచ్చి చీటీ తీసి బహుమతి ఇస్తే అది లాటరీ. ఐపీసీలో 294ఏ, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌లో 297. "ట్రస్టు కోసమే కదా" అన్న మినహాయింపు లేదు.

నగదు. ఒకరి దగ్గర 2,000 దాటి నగదు తీసుకుంటే వాళ్లకి 80జీ రాదు. తీసుకోవచ్చు, కానీ దాత తర్వాత మిమ్మల్నే తిడతాడు. గుమ్మం దగ్గర హుండీ పెడితే పేరు లేని డబ్బు అవుతుంది. పేరులేని విరాళాలు ఏడాదికి లక్ష, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే అది దాటిన భాగం మీద 30 శాతం పన్ను. హుండీ బదులు రసీదు పుస్తకం పట్టుకుని ఇద్దరు వలంటీర్లు.

క్యూఆర్ కోడ్ ఒక్కటే చూపిస్తే డబ్బు వస్తుంది, మనిషి రాడు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో యూపీఐ ఐడీ, 500 రూపాయలు. అంతే. మే 31 లోపు 10బీడీ స్టేట్‌మెంట్ (పన్ను శాఖకి ఇచ్చే దాతల జాబితా) వెయ్యాలంటే పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ కావాలి. ఆలస్యమైతే రోజుకి 200 రుసుము. కాబట్టి ముందు చిన్న ఫారం, దాని తర్వాత చెల్లింపు పేజీ. ఫారంలో ఆరే గడులు: పేరు, ఫోను, చిరునామా, పాన్, మొత్తం, పౌరసత్వం.

ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే గేట్‌వే వాడు కార్డు మీద దాదాపు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కోస్తాడు. వెయ్యికి 23.60. రసీదు వెయ్యికే రాయాలి, 976.40కి కాదు. కోత మీ ఖర్చు. డబ్బు ఖాతాలో పడడానికి రెండు పనిదినాలు. శనివారం రాత్రి స్క్రీన్ మీద మొత్తం, బ్యాంకులో మొత్తం కలవలేదని కంగారుపడకండి.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే 80జీ లాభం. "పన్ను మినహాయింపు!" అని పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వెయ్యకండి, కొత్త విధానంలో ఉన్నవాళ్లు రసీదు పట్టుకుని గొడవకి వస్తారు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ల నంబర్లు వేరు, 80జీ, 10బీడీ అన్నవి పాత చట్టం పేర్లు. రసీదు అచ్చు వేయించే ముందు ఆడిటరుకి చూపించండి.

పచ్చడి_జాడీ
పాసు 500 పెట్టి లోపలికి పంపితే?

లెడ్జర్_లక్ష్మి
పాసుకి బదులు కచేరీ, భోజనం ఇస్తున్నారు కాబట్టి అది విరాళం కాదు, దానికి 80జీ రసీదు రాయకూడదు. ప్రవేశం ఉచితం చేసి విడిగా విరాళం అడగడమే శుభ్రం.

డల్లాస్_బాబాయ్
టైము తప్పు చెప్పాడు అబ్బాయి. నవంబర్ మొదటి ఆదివారం మా గడియారాలు గంట వెనక్కి తిప్పుతాం. రెండో శనివారం నాటికి మీ 6:30 అంటే న్యూయార్క్‌లో 8, మా దగ్గర 7, కాలిఫోర్నియాలో తెల్లవారుజామున 5. శనివారం పొద్దున అయిదింటికి లేచి విరాళమిచ్చేవాడు దొరికితే వాడికే సన్మానం చెయ్యండి.

ఆదివారం మీకు పొద్దున 8 అయితే మాకు శనివారం రాత్రి 8:30, కాలిఫోర్నియాలో సాయంత్రం 6:30. అది బంగారం లాంటి టైము.

సున్నా_బ్యాలెన్స్
నవంబర్ అంటే కార్తీకం బాబాయ్. ఆదివారం పొద్దున గుంటూరు మొత్తం ఉసిరిచెట్టు కింద వనభోజనాల్లో ఉంటుంది. హాల్లో మైకుసెట్ మామ ఒక్కడే.

మైకుసెట్_మామ
నేనూ ఉండను.

రన్‌షీట్_రాధ
రెండూ ఒకేసారి కుదరవు. శనివారం సాయంత్రం హాలు, దాంతోపాటు బెంగళూరు, చెన్నై, గల్ఫ్ లైవ్. దుబాయ్‌లో అప్పుడు 5, కువైట్, దోహాలో 4, ఇబ్బంది లేదు. ఆదివారం పొద్దున 8కి అదే రికార్డింగు 40 నిమిషాలకి కత్తిరించి యూట్యూబ్ ప్రీమియర్‌గా వేసి, చాట్‌లో మీ యాంకరు ప్రత్యక్షంగా కూర్చోవాలి. అడిగే ముక్క మాత్రం అమెరికా వాళ్ల కోసం కొత్తగా తీయండి. హాలు జనాన్ని ఉద్దేశించి "ఎడమవైపు కౌంటర్‌లో" అని చెప్పింది వాళ్లకి వినిపించడం అవమానం.

లెడ్జర్_లక్ష్మి
అమెరికా వాళ్లని పిలిచే ముందు ఆగండి. ఎఫ్‌సీఆర్‌ఏ లేదన్నారుగా.

డల్లాస్_బాబాయ్
ఎన్నారైల డబ్బంతా ఎఫ్‌సీఆర్‌ఏ కిందకే వస్తుందనుకుంటా కదండీ? అయితే మా తమ్ముడి ఖాతాలో వేస్తాం, వాడు అక్కడ తన పేరు మీద ఇస్తాడు. అందరూ చేసేదే.

లెడ్జర్_లక్ష్మి
రెండూ తప్పే బాబాయ్.

చూడాల్సింది ఎక్కడ ఉన్నారన్నది కాదు, ఏ పాస్‌పోర్టు అన్నది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, హెచ్1బీ మీద ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇస్తే విదేశీ విరాళమే, గుంటూరు బ్యాంకులో ఎన్నార్వో ఖాతా (ఎన్నారైల రూపాయల ఖాతా) లోంచి రూపాయల్లో ఇచ్చినా సరే. చాలా ట్రస్టులు ఇక్కడే పడతాయి.

తమ్ముడి దారి అంటారా? డబ్బు మీది, రసీదు ఆయన పేరు మీద, పన్ను తగ్గింపు ఆయనకి. చట్టాన్ని తప్పించుకోవడమే అది, దొరికితే ట్రస్టుకి ముప్పు. మీ ప్రేమ కోసం 42 మంది పిల్లల నెత్తిన గొడవ వద్దు.

చెయ్యాల్సింది: గేట్‌వేలో విదేశీ కార్డులు ఆపించండి. ఫారంలో పౌరసత్వం గడి తప్పనిసరి చెయ్యండి, "భారత్ కాదు" అని నొక్కితే చెల్లింపు పేజీ తెరుచుకోకూడదు, "మీ అభిమానానికి కృతజ్ఞతలు, ప్రస్తుతం తీసుకోలేం" అని రావాలి. అమెరికా, యూఏఈ, ఖతార్ లాంటి కొన్ని దేశాల నంబర్ల మీద ఎన్నారైల ఎన్‌ఆర్‌ఈ, ఎన్నార్వో ఖాతాలకి యూపీఐ పనిచేస్తుంది కాబట్టి భారత పౌరులకి కట్టడం కష్టమేం కాదు.

ట్రస్టుకి మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చయి ఉంటే రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. వస్తే ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ శాఖలో ఖాతా తెరవాలి, విదేశీ డబ్బు మొదట అందులోనే పడాలి. ఈ నవంబర్‌కి మాత్రం ఆశ పెట్టుకోకండి.

డల్లాస్_బాబాయ్
తమ్ముడి మాట వెనక్కి తీసుకుంటున్నా. మా వైపు నుంచి ఒకటి. ఇక్కడి 501(సీ)(3) సంస్థకి (పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ) ఇస్తే ఇక్కడ పన్ను లాభం ఉంటుంది, కానీ ఆ సంస్థ ఉత్త గొట్టం కాకూడదు, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో దాని బోర్డే నిర్ణయించుకోవాలి. అక్కడినుంచి మీకు వచ్చేదీ విదేశీ విరాళమే, కాబట్టి ఎఫ్‌సీఆర్‌ఏ వచ్చాకే ఆ మాట. అప్పుడు కూడా ఉద్యోగి ఇచ్చినదానికి తోడుగా కంపెనీలు ఇచ్చే మ్యాచింగ్ డబ్బు ఆ రాత్రి మొత్తంలో కలపకండి. ఉద్యోగి పోర్టల్‌లో ఎక్కించి, కంపెనీ సరేనని, డబ్బు వదిలేసరికి నెలలు పడుతుంది.

వలంటీర్_నం_7
ఇంత తలనొప్పి ఎందుకు? లైవ్ తీసెయ్యండి. 32 వేలు మిగులుతాయి. వాట్సాప్‌లో ఒక వీడియో, ఒక లింకు, ఇరవై మంది ఫోన్లు పట్టుకుని వంద మందికి ఫోన్ చేస్తే లైవ్ కన్నా ఎక్కువే వస్తుంది.

రన్‌షీట్_రాధ
ఫోన్ల మాటలో నిజముంది, కానీ ఫోన్ చేసి "ఎప్పుడైనా ఇవ్వండి" అంటే ఎప్పుడూ రాదు. "శనివారం 7:20కి" అంటే ఒక గడువు. లైవ్ చేసే పని ఆ గడువు పుట్టించడమే. మీ ఇరవై మందినీ వారం ముందు నుంచి ఫోన్ల మీద పెట్టండి, లైవ్‌నీ ఉంచండి.

వలంటీర్_నం_7
అదైతే ఒప్పుకుంటా. కానీ ఆన్‌లైన్ వాళ్లకంటూ ఒక మనిషి లేకపోతే మాత్రం నా మాటే రైటు.

రన్‌షీట్_రాధ
అదే చెప్పబోతున్నా. హాలు యాంకరు వేరు, ఆన్‌లైన్ యాంకరు వేరు. పక్క గదిలో లాప్‌టాప్, ఒక లైటు, ఒక కాలర్ మైకు. హాల్లో జనం మజ్జిగకి లేచినప్పుడు, స్టేజి మీద మైకు సర్దుతున్నప్పుడు లైవ్ ఆ గదికి మారాలి. చాట్‌లో వచ్చిన పేర్లు చదవాలి: "హొసూరు నుంచి కుటుంబరావు గారు చూస్తున్నారు" అంటే ఆయన ఇంకో అరగంట కదలడు. చాట్‌కి ఇద్దరు, కట్టడంలో ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తడానికి ఒకరు, మొత్తాలు రాసేవాడు ఒకడు. ఈ నలుగురూ హాలు పనులు ముట్టుకోకూడదు. భోజనాల దగ్గర వడ్డనకి తక్కువయ్యారని లాక్కెళ్తారు, ముందే చెప్పి ఉంచండి.

ఇంకో లెక్క. యూట్యూబ్ మామూలు సెట్టింగ్‌లో స్టేజి మీద మాట ఇంటికి చేరడానికి 20, 30 సెకన్లు. ఫారం నింపి కట్టడానికి మూడు నిమిషాలు. యాంకరు అడిగి, అర నిమిషం చూసి "ఇంకా ఎవరూ ఇవ్వలేదా?" అంటే అందరి ముందూ పరువు పోతుంది. తక్కువ ఆలస్యం సెట్టింగ్ పెట్టండి, ఎనిమిది నిమిషాలు అందుకే అన్నాను.

పచ్చడి_జాడీ
ఫోన్లో లైవ్ చూసేవాడు స్క్రీన్ మీది క్యూఆర్‌ని దేనితో స్కాన్ చేస్తాడండీ? ఇంకో ఫోన్ కొనుక్కోవాలా?

వైరు_వెంకన్న
శభాష్. క్యూఆర్ టీవీలో చూసేవాళ్లకీ హాలుకీ. ఫోను వాళ్లకి చాట్‌లో పిన్ చేసిన లింకు, డిస్క్రిప్షన్ మొదటి లైన్లో అదే లింకు. హాల్లో కూడా తెర మీదిది వెనక వరుసకి స్కాన్ అవ్వదు, ప్రతి కుర్చీ మీదా అరచేయంత కార్డు పెట్టండి. హాలు కార్డుకి ఒక లింకు, యూట్యూబ్‌కి ఒకటి, వాట్సాప్‌కి ఒకటి. మూడూ అదే ఫారానికి వెళ్లినా ఎక్కడినుంచి ఎంత వచ్చిందో తెలుస్తుంది.

అరండల్‌పేట_అబ్బాయి
ఎంత అడగాలి? 1,116, 5,116 అనుకున్నాం.

రన్‌షీట్_రాధ
నూటపదహార్లు పెళ్లికి. ఇక్కడ అంకె వెనక వస్తువు ఉండాలి. మీ 12 లక్షలని 42 మందికి, 12 నెలలకి పంచితే ఒక పాపకి నెలకి దాదాపు 2,400. అదే అడగండి: నెల 2,400, మూడు నెలలు 7,200, ఏడాది 28,800. కింద "మీ ఇష్టం" గడి ఒకటి.

లెడ్జర్_లక్ష్మి
అందరూ 2,400 కడితే స్టేట్‌మెంట్‌లో ఎవరిదేదో తేలదు. అంకె చూసి కలపకండి, ఫారం నంబరూ యూటీఆర్ నంబరూ (ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చేది) పెట్టి కలపండి. యూపీఐలో మామూలుగా రోజుకి లక్షే వెళ్తుంది, పెద్ద దాతలకి ఖాతా నంబరు ముందే ఇచ్చి బ్యాంకు నుంచి నేరుగా నెఫ్టో ఆర్టీజీఎస్సో చెయ్యమనండి.

సున్నా_బ్యాలెన్స్
నాటకాల్లో చదివింపుల్లాగా మైకులో "ఫలానా వారు 28,800" అని చదివితే వేడి పుడుతుంది. పక్కవాడు ఇస్తే మనవాడు ఊరుకోడు.

వలంటీర్_నం_7
పుడుతుంది, 500 ఇచ్చేవాడు సిగ్గుపడి ఇవ్వడం మానేస్తాడు కూడా.

రన్‌షీట్_రాధ
పేరు చదవండి, మొత్తం చదవకండి. "పేరు చదవవచ్చా" అని ఫారంలో ఒక టిక్ పెట్టండి. స్క్రీన్ మీద ఎంత మంది ఇచ్చారో ఆ సంఖ్య పైన పెద్దగా, రూపాయలు కింద చిన్నగా. అప్పుడు 500 ఇచ్చినవాడు కూడా సంఖ్య పెంచినట్టే. మాట ఇచ్చినవి, కట్టినవి రెండు వేర్వేరు వరుసల్లో ఉండాలి. కలిపారంటే సోమవారం ఎవరికీ లెక్క తేలదు.

ఇక వేడి సంగతి. స్టేజి ఎక్కే ముందే పెద్ద దాతల నుంచి 5 లక్షల దాకా మాట తీసుకోండి. అందులో 3 లక్షలు మ్యాచింగ్‌కి పెట్టండి: "7:20 నుంచి 7:30 దాకా వచ్చే ప్రతి రూపాయికీ ఇంకో రూపాయి". శనివారానికి 2 లక్షలు, ఆదివారం ప్రీమియర్‌కి లక్ష. ఆ దాత నిజంగా షరతుకి ఒప్పుకుంటేనే. ఎలాగూ ఇచ్చే డబ్బుకి మ్యాచింగ్ అని పేరు పెడితే అబద్ధం.

పచ్చడి_జాడీ
ఊళ్లో మిర్చి ఎగుమతి కంపెనీ ఉంది, సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద కార్యక్రమం ఖర్చు పెట్టుకుంటామంటున్నారు అనుకుందాం. కుదురుతుందా?

లెడ్జర్_లక్ష్మి
కార్యక్రమానికి కుదరదు. ఒక్కసారి జరిగే ఈవెంట్లు, స్పాన్సర్‌షిప్పులు సీఎస్ఆర్ కిందికి రావని 2014 జూన్ 18 సర్క్యులర్‌లోనే కంపెనీ వ్యవహారాల శాఖ చెప్పింది. హాస్టల్ సరుకులకో చదువుకో ఇవ్వొచ్చు, దానికి మీరు సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి. హాలు, మైకు ఖర్చు వాళ్ల ప్రచార ఖాతాలోంచి అడగండి.

వైరు_వెంకన్న
బెంగళూరు నుంచి ఎవరో వీడియో కాల్‌లో హాల్లో మాట్లాడతారని చివరి నిమిషంలో అంటారు, అంటారు. ఆయన గొంతు ఆయనకే తిరిగి వెళ్లకుండా మిక్సర్‌లో వేరే పంపకం చెయ్యాలి, లేకపోతే రెండు సెకన్ల తర్వాత తన మాటే వినపడి నత్తి వస్తుంది. రిహార్సల్ లేకపోతే ఒప్పుకోకండి, ముందే రికార్డు చేసి తెప్పించండి.

అరండల్‌పేట_అబ్బాయి
బెంగళూరులో ఇద్దరు ఇంట్లో టీవీ పెట్టి పది పదిహేను మందిని పిలుస్తామన్నారు. వాళ్లు అందరి దగ్గరా వసూలు చేసి ఒకేసారి పంపితే సులువు కదా?

లెడ్జర్_లక్ష్మి
పిలవడం బాగుంది, వసూలు వద్దు. పదిహేను మంది డబ్బు ఒక పాన్ మీద పడుతుంది. ఎవరి ఫోను వాళ్లు తీయాలి.

అరండల్‌పేట_అబ్బాయి
మార్చిన ప్లాన్:
6:30 దీపం, అతిథులంతా కలిసి
6:36 ఒక్క అతిథి, అయిదు నిమిషాలు
6:41 రెండు కీర్తనలు, ప్రత్యక్షంగా
6:50 మూడున్నర నిమిషాల వీడియో, మొదటిసారి అడగడం
7:02 చదువు పూర్తిచేసిన పెద్దమ్మాయి మాట, ఒప్పుకుంటే. లేకపోతే వార్డెన్
7:10 హాల్లో మజ్జిగ, లైవ్‌లో పక్క గది యాంకరు
7:20 మ్యాచింగ్, పది నిమిషాలు
7:30 జానపదాలు
7:45 చివరిసారి అడగడం
7:55 మొత్తం ప్రకటన, లైవ్ ముగింపు
8:00 హాల్లో సన్మానాలు, భోజనాలు
ఆదివారం 8:00 ప్రీమియర్. లక్కీ డిప్, హుండీ, పిల్లల డాన్సులు లేవు.

రన్‌షీట్_రాధ
బాగుంది. ప్రతి లైనుకీ పక్కన మూడు గడులు చేర్చండి: హాలు తెర మీద ఏముంది, లైవ్‌లో ఏముంది, ఎవరి బాధ్యత. రెండు కాపీలు కాగితం మీద అచ్చు, ఫోన్లో కాదు. మాట ఇచ్చి కట్టనివాళ్లకి ఆదివారం, మంగళవారం, తర్వాతి శనివారం ఫోన్, ఆ పైన వదిలెయ్యండి. కట్టినవాళ్లకి రసీదు రెండు రోజుల్లో. లింకు పది రోజులు తెరిచి ఉంచండి, ఆలస్యంగా వీడియో చూసి ఇచ్చేవాళ్లు ఉంటారు.

మైకుసెట్_మామ
మజ్జిగ 7:10కి అన్నారు. గ్లాసులు స్టీలువి వద్దు. పక్క గదిలో యాంకరు మాట్లాడుతుంటే బయట గిన్నెల గలగలే లైవ్‌లో వస్తుంది.

సున్నా_బ్యాలెన్స్
ఆ ఒక్క అతిథి ఎవరో మిగతా అయిదుగురికి ఎవరు చెబుతారు?

అరండల్‌పేట_అబ్బాయి
చీటీలు వేస్తాం. టికెట్ లేదు కాబట్టి లాటరీ కాదనుకుంటా, లక్ష్మి గారూ?